వేల్స్ మొత్తాన్ని ఏలిన ఒకే ఒక్క రాజు గ్రిఫిద్‌ను సొంత మనుషులే ఎందుకు చంపారు?

పాతరాతలు:

నెల రోజులుగా గ్రిఫిద్ అప్ లెవెలిన్ అనే రాజు గురించి దొరికిందల్లా చదువుతున్నాను. 'అప్' (కొన్ని పేర్లలో 'అబ్') అంటే కొడుకు, కాబట్టి లెవెలిన్ కొడుకు గ్రిఫిద్ అన్నమాట. 11వ శతాబ్దంలో వేల్స్‌ని ఏలినవాడు. నార్మన్లు ఇంగ్లండు మీద పడటానికి మూడేళ్ళ ముందు చనిపోయాడు, అందుకేనేమో 1066 గురించి ఎక్కడ చదివినా ఇతనికి రెండు వాక్యాలే దక్కుతాయి. ఇంగ్లండులో పెద్ద ప్రభువైన హెరాల్డ్ గాడ్విన్‌సన్ వేల్స్ మీదికి దండెత్తాడు, అక్కడి రాజు తల తెప్పించాడు, ఆ తర్వాత నేరుగా నార్మన్లు గెలిచిన హేస్టింగ్స్ యుద్ధం.

కానీ ఆ తల వెనక 24 ఏళ్ళ పాలన ఉంది. 1039లో ఉత్తరాన గ్వినెద్, దాన్ని ఆనుకుని తూర్పున ఉన్న పొవిస్ ఇతని చేతికి వచ్చాయి. 1055లో దక్షిణాన దెహైబార్త్ వచ్చింది, ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో ఆగ్నేయపు కొసన ఉన్న మోర్గానూగ్ కూడా. అంటే ఇవాళ మనం వేల్స్ అని పిలిచే నేలంతా ఒక్క మనిషి కింద ఉంది. అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు, తర్వాత వచ్చిన స్థానిక రాజుల్లో కూడా ఎవరూ అంత దూరం రాలేదు.

అలాంటివాణ్ణి 1063 ఆగస్టు 5న చంపింది ఇంగ్లీషు సైన్యం కాదు, ఇతని మనుషులే. తల కోసి హెరాల్డ్‌కి పంపారు, హెరాల్డ్ దాన్ని, దాంతోపాటు గ్రిఫిద్ ఓడ ముందుభాగాన ఉండే చెక్కడాన్ని కూడా ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ దగ్గరికి పంపాడు. నాకు ఇది మింగుడుపడటం లేదు. హెరాల్డ్‌కి భయపడి చంపారా, లేక పాత పగలు తీర్చుకోవడానికి అదను దొరికిందా? వేల్స్ చరిత్ర బాగా చదివినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, పెద్దగా రాసినా పర్వాలేదు, మొత్తం చదువుతాను.

సెలయేరు:

నా మటుకు నాకు ఇది దాయాదుల కథ. హెరాల్డ్ చివర్లో వచ్చాడు గానీ అప్పటికే కట్టెలు పేర్చి ఉన్నాయండీ.

ఆ కాలపు వేల్స్‌లో పెద్దకొడుకుకే అంతా అన్న పద్ధతి లేదు. ఆస్తి కొడుకులందరికీ పంచాలి, పెళ్ళికి బయట పుట్టినా తండ్రి ఒప్పుకుంటే ఆ కొడుక్కీ వాటా ఉంటుంది. గద్దె విషయానికి వస్తే రాజవంశంలో పుట్టిన ప్రతి మగవాడూ తనకూ హక్కుందనే అనుకునేవాడు. దాంతో ఒక రాజు బలపడాలంటే అన్నదమ్ములనో, పినతండ్రి కొడుకులనో, పక్క రాజ్యంలోని పాలివాళ్ళనో అణచక తప్పదు. అణచిన ప్రతి ఇంట్లోనూ ఒక పిల్లవాడు పగతో పెరుగుతాడు.

గ్రిఫిద్ కూడా అలా పెరిగిన పిల్లవాడే. తండ్రి లెవెలిన్ అప్ సేసిల్ట్ గ్వినెద్‌ని ఏలి 1023లో చనిపోతే, గద్దె పాత రాజవంశంవాడైన యాగో అబ్ ఇద్వల్‌కి పోయింది. లెవెలిన్ తండ్రి వైపున చెప్పుకోదగ్గ వంశం లేదు, గ్రిఫిద్‌కి ఉన్న రాజరక్తమంతా తల్లి అంగారద్ నుంచి వచ్చిందే, ఆవిడ దెహైబార్త్ రాజు మరెదిద్ కూతురు. కాబట్టి పాతవాళ్ళ కళ్ళకి ఇతను ఎప్పుడూ మధ్యలో దూరినవాడే. 1039లో యాగో చనిపోయాడు, అది కూడా సొంత మనుషుల చేతిలోనే అని వేల్స్ పాత వార్షికాల్లో (ఏ ఏడాది ఏం జరిగిందో రాసుకున్న పుస్తకాల్లో) ఉంది, వెంటనే గ్రిఫిద్ రాజయ్యాడు. ఆ హత్య వెనక ఎవరున్నారో ఊహించడం కష్టం కాదు. యాగో కొడుకు కనన్ సముద్రం దాటి ఐర్లండులో డబ్లిన్ వైకింగుల దగ్గర తలదాచుకున్నాడు. ఈ కనన్ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక దక్షిణాన హవెల్ అబ్ ఎడ్విన్. ఇతనితో పోరు అయిదేళ్ళు సాగింది. 1041లో పెన్‌కాడెర్ దగ్గర హవెల్‌ని ఓడించి అతని భార్యను పట్టుకుపోయాడు గ్రిఫిద్. పట్టుకుపోయి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు దాన్ని ఎప్పటికైనా మరిచిపోతారా? 1044లో హవెల్ ఐర్లండు నుంచి వైకింగు ఓడలు తెచ్చుకుని తిరిగి వచ్చాడు, టవి నది సముద్రంలో కలిసే చోట జరిగిన యుద్ధంలో చచ్చిపోయాడు. అయ్యిందనుకుంటే ఈసారి అదే పేరున్న ఇంకొకడు లేచాడు, గ్రిఫిద్ అప్ రిదెర్ఖ్. ఇద్దరు గ్రిఫిద్‌ల మధ్య దెహైబార్త్ కోసం ఇంకో పదేళ్ళు. 1055లో మన గ్రిఫిద్ ఆ గ్రిఫిద్‌ని చంపాడు. అతనికీ కొడుకున్నాడు, కరాడాగ్.

ఇప్పుడు లెక్క చూడండి. కనన్ ఐర్లండులో, హవెల్ అన్నదమ్ముల పిల్లలు దక్షిణాన, కరాడాగ్ ఆగ్నేయాన. ముగ్గురూ రాజకుమారులే, ముగ్గురికీ ఒక్కడే శత్రువు. ఐర్లండులోని అల్‌స్టర్ వార్షికాలు గ్రిఫిద్‌ని చంపింది యాగో కొడుకే అని రాశాయి. ఇంగ్లీషువాళ్ళు సొంత మనుషులు అన్నారు. రెండూ నిజమే కావచ్చు, లోపలివాళ్ళు తలుపు తియ్యకపోతే బయటివాడు రాలేడు కదా.

కంచుగంట:

సెలయేరు గారు చెప్పిన పగలన్నీ ఒప్పుకుంటాను, కానీ ఒక్క ప్రశ్నకి దాంట్లో జవాబు లేదు. ఆ పగలు 1055లోనూ ఉన్నాయి, 1058లోనూ ఉన్నాయి. అప్పుడు ఎవరూ చెయ్యి ఎత్తలేదు. 1063లోనే ఎందుకు?

నా జవాబు, మెర్సియా. వేల్స్‌కి తూర్పున ఆనుకుని ఉన్న ఇంగ్లీషు ప్రాంతం అది, దాన్ని లియోఫ్రిక్ అనే ప్రభువు ఏలేవాడు. గ్రిఫిద్ రాజైన ఏడాదే, అంటే 1039లోనే, సెవర్న్ నది ఒడ్డున రిద్ ఎ గ్రోస్ రేవు దగ్గర మెర్సియా సైన్యాన్ని చావగొట్టాడు, లియోఫ్రిక్ తోడబుట్టిన ఎడ్విన్ అక్కడే పోయాడు. అలాంటి ఇంటితోనే పదహారేళ్ళ తర్వాత చేతులు కలిపాడు. ఎలాగంటే 1055లో లియోఫ్రిక్ కొడుకు ఎల్ఫ్‌గార్‌ని ద్రోహి అని ముద్ర వేసి ఇంగ్లండు నుంచి వెళ్ళగొట్టారు. అప్పటికి గాడ్విన్ కొడుకులు, అంటే హెరాల్డ్, అతని తమ్ముళ్ళు, ఒక్కో ప్రాంతాన్నీ చేజిక్కించుకుంటున్నారు, ఎల్ఫ్‌గార్ వాళ్ళకి అడ్డు. అతను ఐర్లండు వెళ్ళి 18 ఓడలు సంపాదించి, నేరుగా గ్రిఫిద్ దగ్గరికి వచ్చాడు.

ఇద్దరూ కలిసి అక్టోబరు 24న హెరెఫర్డ్ మీద పడ్డారు. అక్కడ కాపున్నది ఎడ్వర్డ్ రాజు మేనల్లుడు రాల్ఫ్. ఇతను ఫ్రాన్సులో పెరిగినవాడు, ఇంగ్లీషు సైనికులు గుర్రం దిగి నేలమీద నిలబడి పోరాడే అలవాటున్నవాళ్ళు, వాళ్ళని గుర్రాల మీదే పోరాడమన్నాడు. ఇంకా ఈటెలు కూడా పడకముందే పారిపోయారు, అందరికంటే ముందు రాల్ఫే. పట్టణం కాలిపోయింది, ప్రధాన చర్చి కాలిపోయింది, తలుపు దగ్గర అడ్డం నిలబడ్డ మతగురువుల్ని నరికేశారు. గ్రిఫిద్‌ని వీరుడిగా చూసే మనలాంటివాళ్ళు ఈ భాగాన్ని కూడా కళ్ళు తెరుచుకునే చదవాలి.

మర్నాటి ఏడాది ఇంకో విచిత్రం. హెరాల్డ్ దగ్గర పూజారిగా ఉన్న లెయోఫ్‌గార్‌ని హెరెఫర్డ్‌కి బిషప్‌ని చేశారు. అతను సిలువ పక్కనపెట్టి ఈటె, కత్తి పట్టుకుని గ్రిఫిద్ మీదికి వెళ్ళాడు. జూన్ 16న గ్లాస్‌బరీ దగ్గర చచ్చిపోయాడు. బిషప్‌గా ఉన్నది మొత్తం 11 వారాల 4 రోజులు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళే సంధికి వచ్చారు. గ్రిఫిద్ ఎడ్వర్డ్‌కి లోబడి ఉంటానని మాట ఇచ్చాడు, వాళ్ళు ఇతన్ని రాజుగా ఒప్పుకున్నారు. ఎల్ఫ్‌గార్ తన కూతురు ఎల్డ్‌గిత్‌ని ఇచ్చి పెళ్ళి చేశాడు. 1058లో ఎల్ఫ్‌గార్‌ని మళ్ళీ వెళ్ళగొడితే అల్లుడు నార్వే ఓడల సాయంతో మామని మళ్ళీ మెర్సియాలో కూర్చోబెట్టాడు.

అసలు బలం అది. తూర్పు సరిహద్దు పొడుగునా మామ ఉన్నంతకాలం హెరాల్డ్ వేల్స్ లోపలికి రావాలంటే వెనకనుంచి మెర్సియా ఏం చేస్తుందోనని చూసుకోవాల్సి వచ్చేది. 1062 ప్రాంతంలో ఎల్ఫ్‌గార్ చనిపోయాడు, వారసుడిగా వచ్చిన కొడుకు ఎడ్విన్ ఇంకా కుర్రవాడు. ఆ ఏడాది క్రిస్మస్ కాగానే హెరాల్డ్ గ్లోస్టర్‌లోని రాజు కొలువు నుంచి కొద్దిమంది రౌతులతో బయల్దేరి, ఉత్తర తీరాన రిద్‌లన్‌లో ఉన్న గ్రిఫిద్ నివాసం మీద పడ్డాడు. ఎంత తొందరపడ్డాడో చూడండి, మామ పోయి నెలలు గడవలేదు! నడి చలికాలంలో ఎవడూ రాడన్న ధీమాతో ఉన్నారు పాపం. చివరి నిమిషంలో వేగు అంది గ్రిఫిద్ ఓడెక్కి తప్పించుకున్నాడు గానీ ఇల్లూ మిగతా ఓడలూ కాలిపోయాయి.

మే నెలలో అసలు దాడి. హెరాల్డ్ బ్రిస్టల్ నుంచి ఓడల్లో తీరం చుట్టి వచ్చాడు, తమ్ముడు టోస్టిగ్ నేలమీద సైన్యంతో లోపలికి వచ్చాడు. అంతకు ముందు ఇంగ్లీషువాళ్ళు వస్తే కొండల్లోకి వెళ్ళిపోయి, వాళ్ళ తిండి అయిపోయేదాకా కూర్చుంటే సరిపోయేది. ఈసారి సముద్రం వైపు కూడా మూసేశారు. ఊరూరా జనం హెరాల్డ్‌కి బందీలను ఇచ్చి లొంగిపోయారు. ఆగస్టుకి గ్రిఫిద్ పక్కన ఉండటమంటే చావుని పక్కన పెట్టుకోవడమే అయింది. ఇంగ్లీషు వృత్తాంతం కూడా ఇదే చెబుతుంది, హెరాల్డ్‌తో చేస్తున్న యుద్ధం మూలంగానే అతని మనుషులు అతన్ని చంపారని. పగ ఉన్నవాడు ఎప్పుడూ ఉంటాడు, వాడికి ధైర్యం ఎప్పుడొచ్చిందన్నదే నా ప్రశ్న.

మబ్బుతునక:

ఇద్దరూ బాగా రాశారు. నేను చెప్పాలనుకున్నది ఆ 'సొంత మనుషులు' అన్న మాట గురించి.

వేల్స్ రాజుల చుట్టూ ఎప్పుడూ కొంతమంది యోధులు ఉండేవాళ్ళు. రాజు ఇంట్లోనే తిండి, అక్కడే పడక, రాజు ఎక్కడికి పోతే అక్కడికి. ఆ దండుని 'టెయిలి' అంటారు. ఇవాళ్టి వెల్ష్ భాషలో ఆ మాటకి కుటుంబం అని అర్థం. 1047లో టవి లోయ ప్రజలు గ్రిఫిద్ టెయిలిలో 140 మందిని నమ్మించి మట్టుబెట్టారు. అతను బదులుగా ఆ లోయనీ, పక్కనున్న డివెద్‌నీ పాడుపెట్టాడు. 140 మంది అంటే పెద్ద సైన్యమేమీ కాకపోవచ్చు, కానీ వాళ్ళు ఎలాంటివాళ్ళో ఆలోచించండి, ఎనిమిదేళ్ళుగా పక్కన పడుకున్నవాళ్ళు, తాము తినేది అతనితో పంచుకున్నవాళ్ళు. ఆ దెబ్బ తర్వాత దాదాపు ఎనిమిదేళ్ళు దక్షిణం అతని చేతికి రాలేదు. నన్నడిగితే అతని జీవితంలో పెద్ద ఓటమి రిద్‌లన్ కాదు, ఇదే. ఈ రాజు ఏలిన జనంలో సగంమంది ఇతన్ని పరాయివాడిగానే చూశారని అక్కడే తెలిసిపోతుంది. వేల్స్ అంతా ఒకటి అన్న భావన అతని మనసులో ఉండొచ్చు, టవి లోయ రైతుకి మాత్రం అతను ఉత్తరం నుంచి వచ్చి తగలబెట్టిపోయినవాడు.

వాల్టర్ మ్యాప్ అనే ఆయన నూరేళ్ళకు పైగా గడిచాక ఇతని గురించి కొన్ని కథలు రాశాడు. వాటిని చరిత్రగా తీసుకోకూడదు, కానీ జనం ఇతన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో వాటిలో కనబడుతుంది. చిన్నప్పుడు పొయ్యి దగ్గరనుంచి లేవని సోమరిపోతట. ఒక పండగ రాత్రి అక్క చివాట్లు పెట్టి బయటికి తోస్తే, ఎవరి ఇంటి గోడకో ఆనుకుని లోపలి మాటలు వింటున్నాడు. లోపల వంటవాడు మాంసం ఉడికిస్తూ, ఒక ముక్కని ఎన్నిసార్లు అడుక్కి నెట్టినా మళ్ళీ పైకే తేలుతోందని ఆశ్చర్యపోతున్నాడట. ఆ ముక్క నేనే అనుకుని ఆ రాత్రి నుంచి మారిపోయాడని కథ. ఇంకోటి నన్ను ఎక్కువ కలవరపెట్టేది. తనకి పోటీ రాగల కుర్రవాళ్ళని ఎందుకిలా చంపిస్తున్నావని అడిగితే, నేను చంపడం లేదు, వేల్స్ కన్న దూడలు తల్లినే పొడవకుండా కొమ్ములు మొద్దుబారుస్తున్నాను అన్నాడట. అతను నిజంగా అన్నాడో లేదో గానీ, సెలయేరు గారు చెప్పిన దాయాదుల లెక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అదే మ్యాప్ సెవర్న్ నది దగ్గర ఇంకో సంఘటన కూడా చెప్పాడు. ఒడ్డుకి ఇటు గ్రిఫిద్, అటు ఎడ్వర్డ్, ఎవరు నది దాటి రావాలని పంతం. చివరికి ఎడ్వర్డే పడవెక్కి వస్తుంటే గ్రిఫిద్ పై వస్త్రం పారేసి ఛాతీ లోతు నీళ్ళలోకి దిగి, ఆ రాజుని భుజాలమీద మోసుకొచ్చాడట. కొమ్ములు విరిచినవాడూ భుజాన మోసినవాడూ ఒకడే అని జనం నమ్మారంటే, అంత సులువుగా మంచివాడనో చెడ్డవాడనో తేల్చలేం.

పాతరాతలు:

ముగ్గురికీ చాలా థాంక్సండీ. 140 మంది సంగతి నేను చదివాను గానీ అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు. ఇంకొక్కటి అడుగుతాను. ఎల్డ్‌గిత్ ఏమైంది? మొగుణ్ణి చంపించినవాణ్ణే పెళ్ళి చేసుకుందని ఒకచోట చూశాను, నమ్మబుద్ధి కాలేదు.

కంచుగంట:

నిజమే. హెరాల్డ్‌నే చేసుకుంది. ఆమె ఇష్టంతో పనిలేకుండా జరిగిన పెళ్ళి అనుకోవచ్చు. 1066 జనవరిలో హెరాల్డ్ ఇంగ్లండుకి రాజయ్యాడు, అప్పటికి ఆమె అన్నదమ్ములు ఎడ్విన్, మోర్కార్ మధ్య, ఉత్తర ఇంగ్లండులో బలమైన ప్రభువులు, వాళ్ళు తనవైపు ఉండాలంటే ఆ ఇంటితో చుట్టరికం కావాలి. హెరాల్డ్‌కి అప్పటికే ఎడిత్ అనే ఆవిడతో చాలా ఏళ్ళ కాపురం, పిల్లలు ఉన్నారు. అక్టోబరు 14న హేస్టింగ్స్‌లో అతనూ పోయాడు. ఇద్దరు రాజులకి భార్యై, మూడేళ్ళ తేడాలో ఇద్దరినీ పోగొట్టుకుంది. అన్నదమ్ములు ఆమెను చెస్టర్‌కి పంపేశారు. గ్రిఫిద్‌కి నెస్ట్ అని ఒక కూతురు ఉంది, ఆ పిల్ల సరిహద్దులోని ఒక నార్మన్ ప్రభువుకి భార్య అయింది.

సెలయేరు:

కంచుగంట గారూ, 1063లోనే ఎందుకు అన్న మీ ప్రశ్న దగ్గర నేను తగ్గుతున్నాను, ఎల్ఫ్‌గార్ చావుని నేను తక్కువగా చూశాను. అయితే గ్రిఫిద్ పోయాక ఏం జరిగిందో కూడా చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే పగ అక్కడితో చల్లారలేదు.

హెరాల్డ్ ఆ రాజ్యాన్ని మళ్ళీ ముక్కలు చేశాడు. గ్వినెద్, పొవిస్‌లు బ్లెదిన్, రివాలన్ అనే అన్నదమ్ములకి దక్కాయి. వీళ్ళు ఎవరో కాదు, గ్రిఫిద్ తల్లి అంగారద్‌కి రెండో పెళ్ళిలో పుట్టిన పిల్లలు, అంటే తల్లి ఒకరే, తండ్రులు వేరు. దెహైబార్త్ మళ్ళీ హవెల్ ఇంటివాళ్ళకే పోయింది. గ్రిఫిద్ కొడుకులు మరెదిద్, ఇథెల్ పెద్దవాళ్ళయ్యాక తండ్రి రాజ్యం కోసం ఈ బాబాయిల మీదే కత్తి కట్టారు, 1069 ప్రాంతంలో మెఖైన్ దగ్గర. ఇథెల్ యుద్ధంలో పోయాడు, మరెదిద్ పారిపోతూ చలికి చచ్చిపోయాడు. రివాలన్ కూడా అక్కడే పోయాడు. మిగిలిన బ్లెదిన్‌ని 1075లో దెహైబార్త్ రాజు రీస్ అబ్ ఒవైన్ చంపాడు, పక్కన ఉండి సాయం చేసింది ఎవరనుకున్నారు, మళ్ళీ ఆ టవి లోయవాళ్ళే. రీస్‌ని 1078లో కరాడాగ్ చంపాడు, అదే, గ్రిఫిద్ చేతిలో తండ్రిని పోగొట్టుకున్న కరాడాగ్. ఆ కరాడాగ్ 1081లో మనిద్ కార్న్ యుద్ధంలో పోయాడు.

అక్కడ గెలిచినవాళ్ళలో ఒకడు కనన్ కొడుకు, పేరు మళ్ళీ గ్రిఫిద్. డబ్లిన్‌లో పుట్టి పెరిగి, 1075లో తాత యాగో గద్దె కోసం మొదటిసారి వేల్స్‌లో అడుగుపెట్టినవాడు. అప్పుడు టాంగ్విస్ట్ల్ అనే బంధువు అతన్ని కలిసి, నువ్వు రాజువవుతావని జోస్యం చెప్పి, ఒక పల్చని చొక్కా, ఒక మంచి అంగీ ఇచ్చిందని అతని జీవితకథలో ఉంది. ఆవిడ భర్త ఒకప్పుడు గ్రిఫిద్ అప్ లెవెలిన్ దగ్గర కోశాధికారి. ఆ అంగీ కుట్టించింది చనిపోయిన ఆ రాజు కప్పుకున్న దుప్పటంతోనే.